ముందు మనిషి ఎందుకు ఆగాడు?

మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా కిలోమీటరు కూడా ఉండదు. మామూలు రోజుల్లో పొద్దున్నే బయల్దేరితే పత్తర్‌గట్టీ దుకాణాల ముందుగా, గుల్జార్ హౌజ్ పక్కగా పది నిమిషాల్లో చేరిపోవచ్చు. రంజాన్ చివరి వారంలో రాత్రి తొమ్మిది దాటాక అదే దారి ముప్పావు గంట తినేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇసుక వేస్తే రాలనంత జనం. నాలుగడుగులు వేస్తామో లేదో మళ్ళీ ఆగాలి. గాజుల బండి దగ్గర బేరం మొదలవుతుంది, వెనక పదిమంది నిలబడిపోతారు. చంటిపాపను భుజాన వేసుకున్న తండ్రి పక్కకు తిరుగుతాడు, పాప కాలు ఎవరి చెంపకో తగులుతుంది. ఇంత జనంలోనూ ఒక బైకు హారన్ కొట్టుకుంటూ దూరుతుంది. "భయ్యా, జర సైడ్!" అన్న కేక వెనకనుంచి వినిపిస్తుంది. పక్కకు జరగడానికి చోటెక్కడ?

ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీకుతుంటాయి, మనసు చికాకుగా ఉంటుంది. నడిచిన దూరం చూస్తే అంతంతమాత్రం. మరి ఇంత అలసట ఎక్కడినుంచి వచ్చింది? కోపం ఎవరి మీద? యాభై అరవై ఏళ్ళుగా ఇంజినీర్లు, భౌతిక శాస్త్రవేత్తలు, మనస్తత్వ నిపుణులు ఈ ప్రశ్నల మీద పనిచేస్తున్నారు. వాళ్ళు కనిపెట్టిన సంగతులు చదువుతున్నకొద్దీ నాకు ఒక విషయం రూఢి అవుతూ వచ్చింది. రద్దీలో మనం పక్కమనిషిని తిట్టుకుంటాం గానీ, మన ఇబ్బందిలో ఎక్కువ భాగం ఆ మనిషి వల్ల వచ్చింది కాదు. ఇద్దరికీ కలిపి నడవడానికి మిగిల్చిన జాగా వల్ల వచ్చింది.

ముందు అలసట సంగతి చూద్దాం. నడుస్తున్నప్పుడు నేల మీద ఆనిన కాలు తలకిందులు చేసిన లోలకం మాదిరి పనిచేస్తుంది. ఒళ్ళు ఆ కాలి మీదుగా కాస్త పైకి లేచి, ముందుకు ఒరిగి, కిందికి దిగుతుంది. లేచేటప్పుడు కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు తర్వాతి అడుగుకు అక్కరకొస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సజావుగా సాగాలంటే నడకకు తగినంత వేగం ఉండాలి. 1958లో రాల్‌స్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త, మనుషులు రకరకాల వేగాలతో నడిస్తే ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టి చూపించాడు. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంలో మీటరు దూరానికి అయ్యే ఖర్చు అన్నిటికన్నా తక్కువ. అంతకు మించి వేగంగా నడిచినా ఖర్చు పెరుగుతుంది, మరీ నెమ్మదిగా నడిచినా పెరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద వదిలేస్తే మన కాళ్ళు వాటంతట అవే ఆ వేగానికి దగ్గరగా వచ్చేస్తాయి.

రద్దీలో ఆ వేగం అందదు. సగం అడుగు వేసి ఆపుకోవాలి, ఒళ్ళు ముందుకు తూలకుండా నిలదొక్కుకోవాలి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఇలా ఆగిన ప్రతిసారీ, కదిలిన ప్రతిసారీ కండరాలు అదనంగా పనిచేస్తాయి. దానికితోడు కళ్ళు, చెవులు, మెదడు ఒక్క క్షణం కూడా తీరిక లేకుండా చుట్టూ ఉన్నవాళ్ళను కనిపెట్టుకుని ఉండాలి. అందుకే పార్కులో అయిదు కిలోమీటర్లు నడిచి హుషారుగా ఇంటికొచ్చే మనిషి, బజారులో ఒక్క కిలోమీటరుకే నీరసపడిపోతాడు.

కోపానికి మూలం ఇంకొంచెం లోతుగా ఉంది. 1976లో బోర్న్‌స్టీన్ దంపతులు వేరువేరు దేశాల్లోని ఊళ్ళలో జనం నడక వేగాన్ని కొలిచి, ఊరి జనాభా పెరిగేకొద్దీ అక్కడి నడక వేగం కూడా పెరుగుతోందని చూపించారు. అంటే వేగంగా వెళ్ళాలన్న తొందర ఎక్కువగా ఉండేదీ, వెళ్ళడానికి వీల్లేనిదీ ఒకే చోట. హవాయి విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించిన లియాన్ జేమ్స్, డ్రైవర్లకు రోడ్డు మీద వచ్చే ఆవేశం లాంటిదే పాదచారులకూ వస్తుందని గుర్తించి, దాన్ని అంచనా వేసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ముందు నెమ్మదిగా నడిచేవాళ్ళను చూసి లోలోపల తిట్టుకోవడం, కావాలని భుజం రాసుకుంటూ దాటిపోవడం లాంటివి ఈ ఆవేశానికి గుర్తులు. తప్పుకోవలసింది వాళ్ళే అన్న భావం ఎంత బలంగా ఉంటే కోపం అంత ముదురుతుంది.

నిజానికి గుంపులో తప్పుకోవడం ఏ ఒక్కరి పనీ కాదు. డిర్క్ హెల్బింగ్, పీటర్ మోల్నార్ 1995లో పాదచారుల కదలికను భౌతిక శాస్త్రంలోని బలాల భాషలో రాశారు. ప్రతి మనిషినీ తన గమ్యం ముందుకు లాగుతుంది, ఎదుటి మనుషులూ గోడలూ వెనక్కి నెడతాయి. ఇంత తేలిక సూత్రంతోనే కంప్యూటర్ తెర మీద నిజమైన గుంపులాంటిది కదిలింది. 2014లో కరమూజాస్, స్కిన్నర్, గయ్ మరో అడుగు ముందుకేశారు. నడుస్తున్నవాళ్ళ దారులను నమోదుచేసిన సమాచారాన్ని జల్లెడ పట్టి చూస్తే, మనం ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడని చూసి తప్పుకోవడం లేదని తేలింది. ఇలాగే నడిస్తే ఇంకెంతసేపట్లో ఢీకొంటాం అన్న లెక్క మీదే తప్పుకుంటున్నాం. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నడుస్తున్న పక్కమనిషి మనల్ని ఇబ్బందిపెట్టడు, ఎందుకంటే అతను వెళ్ళేదీ మన దిక్కుకే. అల్లంత దూరాన ఎదురుగా దూసుకొస్తున్నవాడికి మాత్రం ముందే దారి వదులుతాం. ఈ లెక్క సెకను సెకనుకూ, ఎన్నో ముఖాలతో, మనకు తెలియకుండానే వేస్తూ ఉంటాం.

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు పాదచారుల వంతెన మీద నిలబడి చూడండి. దిగినవాళ్ళు సంచులతో, సూట్‌కేసులతో ఎగబాకుతుంటారు, ఎక్కవలసినవాళ్ళు ప్లాట్‌ఫారం వైపు ఉరుకుతుంటారు. మొదట రెండు గుంపులూ కలగాపులగం అవుతాయి. కాసేపట్లోనే ఒక ధీమా గల కూలీ నెత్తిన పెట్టెలతో సందు చేసుకుంటూ పోతాడు, అతని వెన్నంటి ఇద్దరు, ముగ్గురు చేరతారు. ఎదుటివైపునా అలాంటి వరసే తయారవుతుంది. చూస్తుండగానే వంతెన మీద పోయే దారులు, వచ్చే దారులు విడివడతాయి. గీతలు గీసినవారు లేరు, ఈల ఊదినవారు లేరు. ఎదురొచ్చేవాళ్ళను తప్పించుకోవడం కంటే ముందున్నవాడి వెనక నడవడం తేలిక గనక ప్రతి ఒక్కరూ తమ తేలిక చూసుకుంటారు, అందులోంచి క్రమం పుడుతుంది. గుంపును మంద అని తేలిగ్గా అనేవాళ్ళు ఈ దృశ్యం ఒక్కసారి చూడాలని నా కోరిక.

ఈ క్రమం చెడడానికి ఎంతమంది కావాలి? జపాన్‌లో హిసాషి మురకామి బృందం దీన్నే పరీక్షించింది. 27 మంది చొప్పున రెండు గుంపులను ఎదురెదురుగా నడిపించారు. మామూలుగా అయితే చకచకా వరసలు ఏర్పడ్డాయి. తర్వాత ఒక గుంపులో ముగ్గురి చేతికి ఫోన్లిచ్చి, నడుస్తూనే చిన్న పని చేయమన్నారు. ఆ ముగ్గురినీ గుంపు ముందువరసలో ఉంచినప్పుడు వరసలు ఏర్పడడం ఆలస్యమైంది, మొత్తం గుంపు నెమ్మదించింది. అన్నిటికన్నా విలువైన సంగతి ఏమిటంటే, ఫోన్ లేనివాళ్ళు కూడా చివరి క్షణంలో ఒక్కసారిగా పక్కకు జరగవలసి వచ్చింది. తప్పుకోవడం ఇద్దరూ కలిసి చేసే పని. ఒకరు ఎదుటివాళ్ళను చదవడం మానేస్తే రెండోవాళ్ళ చదువు కూడా తప్పుతుంది. 2021లో వెలువడిన ఈ పరిశోధనకు అదే ఏడాది ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ఆ బహుమతి ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇస్తారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు వదిలే వేళ నడిచే ఎవరికైనా ఇందులో నవ్వే భాగం కనిపించదు.

ఇద్దరు ఎదురుపడి, ఇద్దరూ ఒకే పక్కకు జరిగి, మళ్ళీ ఇద్దరూ రెండో పక్కకు జరిగి తటపటాయించడం అందరికీ అనుభవమే. అక్కడ ఇద్దరూ చదవడం మానలేదు, ఇద్దరూ ఒకేసారి ఒకే జవాబు రాశారు. అంతే.

రద్దీ అంటే ఒంటరి మనుషుల కూడిక కాదు. మెహదీ ముస్సాయిద్ బృందం ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో గమనించినప్పుడు, బజారు జనంలో 70 శాతం దాకా ఇద్దరుగానో ముగ్గురుగానో నడుస్తున్నవాళ్ళే. చోటుంటే ముగ్గురూ పక్కపక్కన నడుస్తారు. రద్దీ పెరిగితే మధ్యలో ఉన్న మనిషి కాస్త వెనకబడి, అటూ ఇటూ ఉన్నవాళ్ళు ముందుకొస్తారు. ఎందుకంటే అలా అయితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. జనాన్ని చీల్చుకుని ముందుకు సాగడానికి మాత్రం ఇది బొత్తిగా పనికిరాని అమరిక. అయినా మనుషులు దాన్నే ఎంచుకుంటారు. కోఠీలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు పెళ్ళి బట్టలు కొని దారి నిండా పరుచుకుని నడుస్తుంటే వెనకవాళ్ళకు విసుగు రావడం సహజం. వాళ్ళకు మాత్రం ఆ మాటలే ఆ రోజు బజారుకు వచ్చిన ఆనందంలో సగం.

న్యూయార్క్ వీధుల్లో 1970లలో కెమెరాలు పెట్టి ఏళ్ళ తరబడి జనాన్ని గమనించిన విలియం వైట్ ఇంకో వింత నమోదుచేశాడు. తెలిసినవాళ్ళు ఎదురుపడితే ఒక పక్కకు తప్పుకుని మాట్లాడుకుంటారని ఎవరైనా అనుకుంటారు. ఫిల్ములో చూస్తే ఎక్కువ సంభాషణలు రాకపోకల నడిమధ్యే జరుగుతున్నాయి. ఊరు ఏదైనా మనిషి తీరు ఒకటే అనిపిస్తుంది.

అయితే ఊరిని బట్టి మారేది కూడా ఒకటుంది. ఉజ్జల్ చట్టరాజ్, సేఫ్రీడ్, చక్రవర్తి కలిసి 2009లో మన దేశంలోనూ జర్మనీలోనూ ఒకే రకమైన ప్రయోగం ఫలితాలను పోల్చారు. ఒకరి వెనక ఒకరుగా వరసలో నడిపించి, వరసలో మనుషుల సంఖ్య పెంచుకుంటూ పోయారు. ఖాళీగా ఉన్నప్పుడు రెండు దేశాలవాళ్ళ వేగమూ ఇంచుమించు ఒకటే. గుంపు చిక్కబడేకొద్దీ జర్మన్లు బాగా నెమ్మదించారు, మనవాళ్ళు అంతగా నెమ్మదించలేదు. ముందు మనిషికీ తమకూ మధ్య మనవాళ్ళు కోరుకునే ఎడం తక్కువ. క్రమం తక్కువగా కనిపించిన మన నడకే చిక్కటి గుంపులో ఎక్కువ సమర్థంగా పనిచేసిందని ఆ పరిశోధకులు రాశారు. మన జనానికి నడవడం రాదని చప్పరించేసేవాళ్ళు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. గుంపు కదలికను లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల్లో చాలావాటిలో మనిషంటే ఒక గుండ్రటి బిళ్ళ. అన్ని బిళ్ళలూ ఒకటే. బజారులో అలా ఉండదు. చేతిసంచిని ఛాతీకి అడ్డం పెట్టుకుని, మోచేతులు బిగించి నడిచే ఆడపిల్లకు ఎడం అన్నది సౌకర్యం కాదు, రక్షణ. రద్దీని సాకుగా వాడుకునే చేతులు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎవరు ఎటు కదులుతారన్న లెక్కతోపాటు ఎవరు ఎందుకు దగ్గరకొస్తున్నారన్న లెక్క కూడా ఆమె వేయాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకు వెనకనుంచి వచ్చే తోపు పడిపోతానేమో అన్న భయం. ఒకే గుంపులో ఒకే దూరం నడిచినా అందరికీ ఒకే అలసట మిగలదు.

ఇప్పుడు జాగా లెక్కకు వద్దాం. న్యూయార్క్ పోర్ట్ అథారిటీలో ఇంజినీరుగా పనిచేసిన జాన్ ఫ్రూయిన్ 1971లో రాసిన పుస్తకం ఈ రంగానికి పునాది. చదరపు మీటరుకు ఎంతమంది ఉంటే నడక ఎలా ఉంటుందో ఆయన అంచెలంచెలుగా విడమరిచాడు. అడ్డేమీ లేనప్పుడు మనిషి సగటున సెకనుకు 1.34 మీటర్లు నడుస్తాడని తర్వాతి కొలతలు చెబుతున్నాయి. గుంపు చిక్కబడితే వేగం తగ్గుతూ వస్తుంది. చదరపు మీటరుకు దాదాపు ఇద్దరు చేరేదాకా, వేగం తగ్గినా మొత్తం మీద దాటేవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. అది దాటితే మనుషులు ఎక్కువయ్యేకొద్దీ దాటేవాళ్ళు తగ్గిపోతారు. మీటరు వెడల్పు దారిలో నిమిషానికి మహా అయితే 70 నుంచి 80 మంది దాటగలరు. అంతకు మించి వచ్చినవాళ్ళు ఎంత తోసుకున్నా ఫలితం ఉండదు.

తోసుకుంటే ఇంకా నష్టం. హెల్బింగ్, ఫార్కష్, విచెక్ 2000లో నేచర్ పత్రికలో దీన్ని లెక్కకట్టి చూపించారు. ఇరుకు ద్వారం దగ్గర ఒక వేగం దాటి తొందరపడితే, మనుషులు ఒకరికొకరు ఒరుసుకుని కమానులా బిగుసుకుపోతారు. కమాను రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డట్టే భుజాలు పట్టేస్తాయి, ద్వారం ఎదురుగానే ఉన్నా ఎవరూ కదలలేరు. నిదానంగా వెళ్ళి ఉంటే అందరూ ముందే బయటపడేవాళ్ళు. అమీర్‌పేట మెట్రోలో రెండు లైన్ల జనం మెట్ల దగ్గర కలిసేటప్పుడు దీని చిన్న రూపం రోజూ కనిపిస్తుంది. ముందు మనిషి ఆగాడంటే, చాలాసార్లు అతని ముందు కూడా ఒకరు ఆగి ఉంటారు. కార్ల వరసలో లాగే, ముందెక్కడో పుట్టిన చిన్న ఆగుడు అలలా వెనక్కి పాకుతూ వస్తుంది. అది మన దాకా వచ్చేసరికి దానికి కారణమైన మనిషి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు.

ఈ చికాకే ఒక గీత దాటితే ప్రాణాంతకమవుతుంది. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే ఇక ఎవరి కాళ్ళూ వాళ్ళ అదుపులో ఉండవు. గుంపు మొత్తం ద్రవంలా కదులుతుంది, ఒక మూల తోపు ఇంకో మూలకు అలగా చేరుతుంది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో సాన్ ఫెర్మిన్ పండగ జనాన్ని చిత్రించిన ఫ్రెంచి శాస్త్రవేత్తలు, కిక్కిరిసిన గుంపులో వందల మంది తమకు తెలియకుండానే సుమారు 18 సెకన్లకొకసారి గుండ్రంగా ఊగుతున్నారని 2025లో వెల్లడించారు. ఇలాంటి చోట చాలామంది చనిపోయేది కాళ్ళ కింద నలిగి కాదు. నిలబడే ఉండి, ఛాతీ వ్యాకోచించడానికి చోటు లేక, ఊపిరాడక చనిపోతారు. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో పాతికమందికి పైగా, 2022 అక్టోబర్ 29న సోల్ నగరం ఇటేవన్‌లో నాలుగు మీటర్లు కూడా లేని సందులో జరిగిన దుర్ఘటన వల్ల 159 మంది, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. వెనకున్నవాళ్ళకు ముందు ఏం జరుగుతోందో కనిపించదు, వినిపించదు. ఇలాంటి ప్రమాదాల్లో ఇది మళ్ళీమళ్ళీ ఎదురయ్యే సంగతి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో భక్తులను గదులవారీగా ఆపి, విడతలవారీగా వదలడం ఈ కారణంగానే మంచి పద్ధతి. వెనక ఒత్తిడి ముందుదాకా చేరకుండా గోడలు ఆపుతాయి.

ఊరి వీధికి గదులు కట్టలేం. వెడల్పు మాత్రం ఇవ్వగలం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డులేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి, బజారుల్లో ఇంకా ఎక్కువ ఉండాలి. పైన చెప్పిన లెక్కన 1.8 మీటర్లలో నిమిషానికి 125 మందికి పైగా నడవగలరు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, వరసగా నిలిపిన బైకులు, దుకాణం బయటికి జరిపిన సామాన్లు పోగా అర మీటరు మిగిలితే దాటేది మహా అయితే 40 మందే. మిగతావాళ్ళు ఏం చేస్తారు? రోడ్డు మీదికి దిగుతారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెబుతోంది. సరైన ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది.

ఫుట్‌పాత్ మాట రాగానే అందరి వేళ్ళూ తోపుడు బండ్ల వైపు తిరుగుతాయి. అది అన్యాయం. జనం ఎక్కడుంటే బండి అక్కడికి వస్తుంది, జనం కొనబట్టే అక్కడ నిలుస్తుంది. బండ్లవాళ్ళకు చోటు చూపించవలసిన బాధ్యతను 2014 వీధి వ్యాపారుల చట్టం స్థానిక సంస్థల మీదే పెట్టింది. బండికి ఒక గీత, నడకకు ఒక గీత గీస్తే ఇద్దరికీ చోటు దొరుకుతుంది. ఫుట్‌పాత్ మీద బైకు నిలపడానికి మాత్రం ఏ చట్టమూ హక్కు ఇవ్వలేదు.

పాఠకులు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. ఆగాలనుకుంటే, ఫోన్ చూడాలనుకుంటే, రెండడుగులు గోడవారకు తప్పుకోండి. మెట్ల పైనా, ఎస్కలేటర్ దిగగానే అక్కడా అసలు ఆగకండి. ఊపిరి బిగబట్టేంత గుంపులో చిక్కుకుంటే చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి పెట్టి గాలికి చోటు చేసుకోండి. ఏది కిందపడినా వంగి తీయకండి. తోపుకు ఎదురు నిలవకుండా, అది సద్దుమణిగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి. ఆ తర్వాత తీరిక దొరికిన రోజు మీ వీధి ఫుట్‌పాత్ మీద కొలత టేపు పెట్టి చూడండి. 1.8 మీటర్లు లేకపోతే ఎంత ఉందో, అడ్డం ఏముందో రాసి, ఫొటో జతచేసి, మీ మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి.